తలరాత కాదు... తెర గీత!

మా ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా మొదటి బొట్టు పెట్టే హక్కు మా బావగారిదే. ఫ్రిజ్‌కి పెట్టారు, వాషింగ్‌ మెషిన్‌కి పెట్టారు. నేను సెకండ్‌ హ్యాండ్‌లో కొన్న స్కూటర్‌కి కూడా ‘పాతదైతే ఏంటోయ్‌, నీకు కొత్తదేగా’ అంటూ నిమ్మకాయలు తొక్కించారు. అలాంటి మనిషి సొంత కూతురికి లాప్‌టాప్‌ కొన్నప్పుడు ఊరుకుంటారా!

బావ తెనాలిలో ఓ పప్పు మిల్లులో గుమాస్తా. మా మేనకోడలికి ఇంజినీరింగ్‌లో సీటొచ్చిందని తెలిసిన రోజే చీటీ పాడేశారు. తగ్గించుకుని పాడటంతో చేతికొచ్చింది తక్కువే. దానికి అక్క దాచుకున్న పాల డబ్బులు కలిపారు. మొత్తం 56 వేలు. ఆ డబ్బు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, జేబుకి పిన్నీసు గుచ్చుకుని, తండ్రీకూతుళ్లిద్దరూ హైదరాబాద్‌లో దిగారు. శనివారం నలుగురం పార్క్‌లేన్‌ వెళ్లాం. పదకొండు షాపులు తిరిగాం. పన్నెండో షాపులో 54 వేలకు బేరం కుదిరింది. బిల్లు లేకుండా అయితే ఇంకో రెండు వేలు తగ్గిస్తానన్నాడు షాపతను. బావ నా మొహం చూశారు. ‘వద్దు బావా, బిల్లు ఉండాల్సిందే’ అన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని బహుశా అదొక్కటే.

సాయంత్రం మా ఇంట్లోనే పూజ. దేవుడి పటాల ముందు పీట, పీట మీద లాప్‌టాప్‌, దాని మూత మీద మూడు కుంకుమ బొట్లు, పైన ఓ బంతిపువ్వు. హారతి ఇచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. ఆదివారం రాత్రి ఆయన రైలెక్కేశారు, సోమవారం మిల్లుకి వెళ్లకపోతే కుదరదని. మేనకోడలు మాత్రం మా ఇంట్లోనే ఉంది. ఆ పైవారం సోమవారం నుంచి కాలేజీ, హాస్టల్‌. ఈలోగా లాప్‌టాప్‌లో ఏవేవో నేర్చుకుంటానంది.

బుధవారం రాత్రి నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పిల్ల మొహం వాడిపోయి ఉంది. ‘మామయ్యా, ఓసారి చూడు’ అంటూ మూత తెరిచింది. తెర మీద కుడివైపు పైనుంచి కిందదాకా ఓ ఆకుపచ్చ గీత. వెంట్రుకంత సన్నం. దారప్పోగేమో అనుకుని చొక్కా అంచుతో తుడిచాను. పోలేదు. లోపలుంది.

ఇలాంటప్పుడు మగవాళ్లం అందరం చేసే పనే నేనూ చేశాను. ఆపి మళ్లీ ఆన్‌ చేశాను. గీత అలాగే ఉంది. రెండోసారి చేశాను. మూడోసారి చేయబోతుంటే ‘అది నేను సాయంత్రం నుంచి పన్నెండుసార్లు చేశాను’ అంది మేనకోడలు.

పిల్ల ఖాళీగా ఏమీ కూర్చోలేదు. నేను వచ్చేలోపే సగం వైద్యం చేసేసింది. ముందు తెరని స్క్రీన్‌షాట్‌ తీసి తన ఫోన్‌కి పంపుకుంది. ఫోన్‌లో ఆ బొమ్మ శుభ్రంగా ఉంది, గీత లేదు. అంటే లాప్‌టాప్‌ మెదడు బొమ్మని సరిగ్గానే తయారుచేస్తోంది, చూపించే దగ్గరే తేడా వస్తోంది. తర్వాత హెచ్‌డీఎంఐ వైరుతో మా టీవీకి కలిపింది. టీవీలోనూ గీత లేదు. అక్కడా కనిపిస్తే గ్రాఫిక్స్‌ చిప్‌నో, మదర్‌బోర్డునో అనుమానించాలట. ఆన్‌ చేయగానే కంపెనీ బొమ్మ పడుతుందే, విండోస్‌ ఇంకా నిద్ర కూడా లేవని ఆ క్షణంలోనూ గీత ఉంది. కాబట్టి సాఫ్ట్‌వేర్‌ గొడవ కాదు. మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ వంచి చూసింది. తెరకి బొమ్మని తీసుకెళ్లే సన్నటి కేబుల్‌ బందుల దగ్గర నుంచే పోతుంది. అది వదులైతే వంచినప్పుడల్లా తెర మినుకుమినుకుమంటుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. గీత గీతలాగే ఉంది.

‘ప్యానెల్లోనే లోపం మామయ్యా’ అని తేల్చేసింది. ఇంజినీరింగ్‌ క్లాసులు ఇంకా మొదలే కాలేదండోయ్‌!

కోటికి పైన... కాదు, అరవై లక్షల దీపాలు

మర్నాడు ఆఫీసులో మా కంప్యూటర్లు చూసే కుర్రాణ్ని కూర్చోబెట్టి ఈ తెరల సంగతి అడిగాను. వింటుంటే కోపం కాస్త తగ్గింది. అసలు ఇవి పనిచేయడమే ఆశ్చర్యం అనిపించింది.

ఫుల్‌ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. పిక్సెళ్లన్నమాట. హెచ్చవేస్తే 20,73,600. ఒక్కో చుక్కలో మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చిన్న గదులు. అంటే 62,20,800 గదులు. ప్రతి గదికీ ఓ బుల్లి ట్రాన్సిస్టర్‌ కాపలా. వెనకనుంచి తెల్లటి ఎల్‌ఈడీ వెలుగు వస్తుంటుంది. మధ్యలో ఉండే లిక్విడ్‌ క్రిస్టల్‌ అనే పదార్థం కరెంటును బట్టి మెలికలు తిరిగి, వెలుగుని ఒకచోట వదులుతుంది, ఒకచోట ఆపుతుంది. ఈ పదార్థం వింత లక్షణాన్ని మొదట గమనించింది ఆస్ట్రియాకి చెందిన ఓ వృక్షశాస్త్రవేత్త, ఫ్రెడరిక్‌ రైనిట్జర్‌. 1888లో. ఆయన పరిశోధిస్తున్నది టీవీల గురించీ కాదు, తెరల గురించీ కాదు... క్యారెట్ల నుంచి తీసిన కొలెస్టరాల్‌ గురించి! డాక్టర్లు మనల్ని భయపెట్టే ఆ కొలెస్టరాల్‌ దగ్గర మొదలైన కథే ఇవాళ మన బల్ల మీదికొచ్చింది.

ఇన్ని లక్షల గదుల్లో ఒకటీ అరా మొరాయించడం మామూలే. ఎప్పుడూ నల్లగా ఉండిపోయేదాన్ని డెడ్‌ పిక్సెల్‌ అంటారు. ఎప్పుడూ ఒకే రంగులో వెలిగిపోయేదాన్ని స్టక్‌ పిక్సెల్‌ అంటారు. ఎన్ని చుక్కలు పోతే లోపం కింద లెక్క అన్నదానికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. 2001లో వచ్చిన ఐఎస్‌ఓ 13406-2 ప్రకారం రెండో తరగతి తెరలో పది లక్షల పిక్సెళ్లకు రెండు ఎప్పుడూ వెలిగేవీ, రెండు ఎప్పుడూ ఆరిపోయి ఉండేవీ, ఐదు రంగు గదుల లోపాలూ ఉన్నా సరిపెట్టుకోవాల్సిందే. 2008లో దాని స్థానంలో 9241 వరస ప్రమాణాలు వచ్చాయి. చాలా కంపెనీలు ఇలాంటి లెక్కలతోనే సొంతంగా ఓ పిక్సెల్‌ పాలసీ రాసుకుని, వారంటీ పుస్తకంలో చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తుంటాయి. అందుకే ఒకే ఒక్క చుక్క వెలగడం లేదని పట్టుకెళ్తే ‘ఇది పాలసీలోపే సార్‌’ అని తిప్పి పంపేస్తారు. కొనేటప్పుడే షాపులో తెరనిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఒక్కొక్కటిగా పెట్టి చూసుకుంటే ఆ గొడవ ఉండదు. పట్టుచీరని ఎండలోకి తీసుకెళ్లి చూడకుండా కొనని మనం, 54 వేల లాప్‌టాప్‌ని మాత్రం అట్టపెట్టె మీద బొమ్మ చూసి తెచ్చేసుకుంటాం!

గీత సంగతి వేరు. ఒక నిలువు గీతంటే వరసగా 1080 గదులు ఒకేసారి చెడిపోవడం. అన్నీ కూడబలుక్కుని చెడిపోవు కదా. తెర అంచున ఉండే చిప్‌ల నుంచి ఒక్కో నిలువు వరసకి ఒక్కో సన్నటి తీగ వెళ్తుంది. మూడు రంగులకీ కలిపి 5,760 తీగలు. అందులో ఒక్క తీగ అతుకు ఊడినా, ఆ వరసంతా పైనుంచి కిందదాకా గీతైపోతుంది. దాన్ని ఏ పాలసీ కూడా ‘చుక్క’ అనలేదు. అదీ మావాడు ఇచ్చిన ధైర్యం.

ఏడు రోజుల గడువు

బుధవారం రాత్రే గీతని ఫోటో తీసి, చిన్న వీడియో కూడా తీసి, షాపతనికి వాట్సాప్‌ చేశాం. ‘రేపు రండి’ అని జవాబిచ్చాడు. ఆ రెండు ముక్కలు తర్వాత మాకు ఎంత పనికొచ్చాయో చెప్తాను.

గురువారం వెళ్లాం. శనివారం కాఫీ ఇచ్చిన మనిషి గురువారం కుర్చీ కూడా చూపించలేదు. ‘అమ్మేవరకే మా బాధ్యత, తర్వాత కంపెనీ సర్వీస్‌ సెంటర్‌’ అన్నాడు. బిల్లు చూపించాను. కింద రబ్బరు స్టాంపుతో ‘ఏడు రోజుల్లో డీఓఏ’ అని కొట్టి ఉంది. డీఓఏ అంటే డెడ్‌ ఆన్‌ అరైవల్‌. వచ్చేసరికే ప్రాణం లేదని ఆస్పత్రుల్లో వాడే మాట. కొత్త వస్తువు మొదటి వారంలోనే చెడిపోతే రిపేరు కాకుండా వస్తువే మార్చి ఇవ్వడానికి వ్యాపారంలోనూ ఇదే మాట వాడతారు. ఎన్ని రోజులన్నది కంపెనీని బట్టి, షాపుని బట్టి మారుతుంది. ‘సర్వీస్‌ సెంటర్‌వాళ్లు డీఓఏ అని లెటరిస్తే మార్చేస్తాను సార్‌, నాదేం పోయింది’ అన్నాడు. మాటలో మర్యాద ఉంది. కానీ అది ఆరో రోజు. ఏడో రోజు దాటితే లెటరు ఉన్నా లేనట్టే. ఇతన్నుంచి అతని దగ్గరికి, అతన్నుంచి ఇతని దగ్గరికి తిరిగేసరికి గడువు దానంతటదే అయిపోతుంది. ఎవరూ మనల్ని కాదనరు, క్యాలెండరే కాదంటుంది.

ఆ రాత్రి పదకొండున్నరకి బావ ఫోన్‌. అంతకుముందు చెప్పినప్పుడే ఆయన ఏదో నసిగారు. ‘రిపేరుకెంత అవుతుందో కనుక్కో, నేను పంపిస్తా’ అన్నారు. వారంటీ ఉంది, మనమెందుకు ఇవ్వాలి అంటే ఊఁ కొట్టి పెట్టేశారు. ఇప్పుడు గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు.

‘ఏవోయ్‌, మీ అక్క నిద్రపోయింది. నీకో మాట చెప్పాలి. ఆ రోజు కొబ్బరికాయ కొట్టినప్పుడు నీళ్లు చిందాయి. లాప్‌టాప్‌ మీద పడ్డాయి. నేను కండువాతో తుడిచేశాలే, మీరెవరూ చూళ్లేదు. పిల్లతో చెప్పకు. మీ అక్కతో అసలు చెప్పకు.’

చెప్పనని మాటిచ్చాను. (ఇప్పుడీ కాలమ్‌ అక్క చదువుతుంది. క్షమించండి బావా.)

నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకూ నిద్రపట్టలేదు. బావ కొబ్బరినీళ్లే కొంప ముంచాయని ఆయన నమ్మేశారు. నాలుగేళ్ల చీటీ, రెండు నిమిషాల పూజలో కొట్టుకుపోయిందనుకుంటున్నారు. నీళ్లు పడ్డాయన్న సంగతి సర్వీస్‌ సెంటర్‌లో చెబితే వారంటీ పోతుంది. చెప్పకపోతే? మూత మీద చుక్కలు ఎవరికి కనపడతాయి! చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను. రోజూ పేపర్లో నాలుగు నీతులు రాసే నేను.

‘సీఐడీ’ కేసు

శుక్రవారం. ఏడో రోజు. సర్వీస్‌ సెంటర్‌లో టోకెన్‌ నంబరు 43. మా ముందు ఒకాయన కీబోర్డు మీద చెల్లెలి కొడుకు పాలు పోశాడని వాదిస్తున్నాడు, ఎవరు పోస్తే వాళ్లకేంటి! మా వంతు వచ్చింది. కౌంటర్‌ కుర్రాడు లాప్‌టాప్‌ అటూఇటూ తిప్పాడు. బంద్‌ దగ్గర సందులో ఎర్రగా ఏదో కనిపించింది. వేలితో గీకాడు.

‘కుంకుమ’ అన్నాను.

‘లిక్విడ్‌ ఏమైనా పడిందా సార్‌?’

నేను నోరు తెరిచేలోపే మేనకోడలు ‘పడిందండీ. కొబ్బరినీళ్లు. మూత మీద, మూసి ఉన్నప్పుడు’ అంది.

నేను అవాక్కయ్యాను. దానికెలా తెలుసు? పూజ రోజు వాళ్ల నాన్న కండువాతో తుడవడం అద్దంలో చూసిందట. ‘నాన్న బాధపడతారని అడగలేదు మామయ్యా’ అంది తర్వాత, మెట్లు దిగుతూ. మరి ఇక్కడెందుకు చెప్పావే అంటే ‘అడిగారుగా’ అంది.

నిజం చెప్పినందుకు ఫలితం వెంటనే దక్కింది. కుర్రాడు జాబ్‌షీట్‌లో ‘లిక్విడ్‌ స్పిల్‌’ అని టైప్‌ చేసి సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. ఈ కాగితం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. తొందరలో చూడకుండా సంతకం చేసేస్తాం, తర్వాత అదే మనమీద సాక్ష్యం అవుతుంది. ‘మూసిన మూత మీద కొబ్బరినీటి చుక్కలు పడ్డాయని కస్టమర్‌ చెప్పారు, తెర మీద పగులు కానీ మరక కానీ లేదు, ఆకుపచ్చ నిలువు గీత ఉంది’ అని రాయించాను. అరగంట పట్టింది. వెనక 44వ నంబరాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. తేదీ వేయించి, ఓ కాపీ తీసుకుని, అప్పుడు సంతకం చేశాను.

శనివారం మధ్యాహ్నం మెసేజ్‌. ప్యానెల్‌ మార్చాలి, 11,500 రూపాయలు కట్టండి అని. ఫోన్‌ చేస్తే ‘సార్‌, మీ కేసు సీఐడీలోకి వెళ్లింది’ అన్నారు. గుండె జారింది. లాప్‌టాప్‌కి సీఐడీ ఏంటి? కస్టమర్‌ ఇండ్యూస్డ్‌ డ్యామేజ్‌ అట. వాడినవాళ్లే పాడుచేశారని అర్థం. పడేసినా, పగలగొట్టినా, నీళ్లు పోసినా అన్నీ సీఐడీయే. వారంటీ వర్తించదు.

అప్పుడు మొదలైంది నాలో అసలు జర్నలిస్టు. పెద్దగా అరవలేదు. అరిస్తే వాళ్లకు అలవాటే. కంపెనీ కస్టమర్‌ కేర్‌కి మెయిల్‌ రాశాను. బిల్లు, సీరియల్‌ నంబరు, ఐదో రోజు షాపుకి పంపిన ఫోటో, ‘రేపు రండి’ అన్న జవాబు, జాబ్‌షీట్‌ కాపీ జతచేశాను. ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. లోపలికి నీళ్లు వెళ్లాయంటున్నారు కదా, వెళ్లినట్టు ఫోటో ఉందా? ఉంటే పంపండి, మారుమాట్లాడకుండా డబ్బు కడతాను. లేకపోతే మా ముందు విప్పి చూపించండి.

అదే సాయంత్రం 1915కి కూడా ఫోన్‌ చేశాను. ఇది కేంద్రం నడిపే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌. తెలుగులో మాట్లాడొచ్చు. ఇది కోర్టేమీ కాదు, శిక్షలు వేయదు. మన ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది. అక్కడ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ ఉండనే ఉంది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. కొన్న ఊళ్లోనే కేసు వేయాలని లేదు, మనం ఉండే ఊళ్లో వేసుకోవచ్చు. అంటే హైదరాబాద్‌లో కొన్న లాప్‌టాప్‌కి బావ గుంటూరు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షలలోపైతే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. లోపం బయటపడిన రెండేళ్లలోపు వేయాలి. 2025 జనవరిలో వచ్చిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. పరీక్షలు అక్కర్లేని కేసుని మూడు నెలల్లో, వస్తువుని ల్యాబ్‌లో పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. తేలుతుందా అంటే... మన దేశంలో ఏ కేసు ఎన్నాళ్లు పడుతుందో మీకు నేను చెప్పాలా!

ఇంకో సంగతి. చాలా బిల్లుల కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంటుంది. అది చూసే సగంమంది వెనక్కి వచ్చేస్తారు. లోపమున్న సరుకు విషయంలో ఆ ముక్కకి విలువ లేదు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోపు, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని ఆ చట్టంలోనే, రెండో సెక్షన్‌లోనే ఉంది. మా షాపతనికి ఇది చెబితే ‘అలాగా సార్‌’ అన్నాడు. నిజంగానే తెలియదనుకుంటా.

విప్పి చూస్తే...

సోమవారం పొద్దున పది గంటలకు సర్వీస్‌ సెంటర్‌ నుంచి ఫోన్‌. సీనియర్‌ ఇంజినీర్‌ చూస్తారట, రమ్మన్నారు. నా మెయిల్‌ పనిచేసిందో, 1915 పనిచేసిందో తెలీదు. బావగారి పూజ పనిచేసిందని మా ఆవిడ అభిప్రాయం.

ఆయన యాభై దాటిన మనిషి. కళ్లజోడు మీద ఇంకో భూతద్దం. మమ్మల్ని లోపలికి పిలిచి బల్ల దగ్గర నిలబెట్టారు. ప్లాస్టిక్‌ రేకుముక్కతో తెర చుట్టూ ఉన్న చట్రాన్ని నెమ్మదిగా ఊడదీశారు, అరిసె విరక్కుండా బాణలిలోంచి తీసినట్టు. టార్చి వేసి అంచులన్నీ చూశారు. అడుగు భాగం కూడా విప్పారు. లోపల ఓ చిన్న తెల్ల స్టిక్కర్‌ చూపించారు. తడి తగిలితే అది ఎర్రబడుతుందట. తెల్లగానే ఉంది. ఎక్కడా మరక లేదు, తుప్పు లేదు. కుంకుమ మాత్రం బందు సందులో ఓ చిటికెడు ఉంది.

తర్వాత తెర వెలిగించి, కింది అంచున ఓ చోట గోరుతో మెల్లగా నొక్కారు. గీత మాయమైంది. వేలు తీశారు. వచ్చింది. మళ్లీ నొక్కారు. పోయింది.

‘అతుకండీ. ఫ్యాక్టరీలోనే సరిగ్గా పడలేదు. వేడెక్కి చల్లారేసరికి నాలుగు రోజులకి వదిలేసింది’ అన్నారు. తర్వాత మేనకోడలి వైపు చూసి ‘కొబ్బరినీళ్ల సంగతి చెప్పింది నువ్వేనా?’ అని అడిగారు. ఇది తలూపింది. ‘ఇరవై ఏళ్లలో లిక్విడ్‌ పడిందని అడగ్గానే ఒప్పుకున్నవాళ్లని ఇద్దర్నో ముగ్గుర్నో చూశానమ్మా’ అని నవ్వి, కౌంటర్‌ కుర్రాణ్ని పిలిచి సీఐడీ తీసేయమన్నారు.

అక్కడితో అయిపోలేదు. ఇప్పుడు రెండు దారులు. ఐదో రోజే షాపుకి చెప్పినట్టు వాట్సాప్‌ రుజువు ఉంది కాబట్టి డీఓఏ లెటరిస్తారు, లాప్‌టాప్‌ మొత్తం మారుతుంది. కానీ ఆ మోడల్‌ స్టాకు లేదు. మూడు వారాలు పట్టొచ్చు. లేదంటే వారంటీలో ప్యానెల్‌ మారుస్తారు. శుక్రవారానికి చేతికిస్తారు.

నేను లాప్‌టాప్‌ మార్చమనే అన్నాను. మొదటి వారంలోనే పొట్ట కోసిన వస్తువుని కొత్తదని ఎలా తీసుకుంటాం? 54 వేలు పోసింది రిపేరు చేసినదానికా? మేనకోడలు ఒప్పుకోలేదు. సోమవారం నుంచి క్లాసులు. హాస్టల్లో నలుగురి ముందు ‘నా లాప్‌టాప్‌ ఇంకా రాలేదు’ అంటూ మూడు వారాలు ఉండటం తనవల్ల కాదంది. ‘నొక్కితే పోయిన గీత కదా మామయ్యా, ప్యానెల్‌ మారిస్తే ఎందుకొస్తుంది?’ అంది. చదవాల్సింది అది. సరేనన్నాను. ఇప్పటికీ నాకు పూర్తిగా మింగుడుపడలేదనుకోండి. నేనైతే మూడు వారాలు ఆగేవాణ్ని. మీరైతే ఏం చేసేవారో!

ఆగకుండా ఒకటి మాత్రం చేశాను. ‘ప్యానెల్‌లో తయారీ లోపం, కస్టమర్‌ తప్పు లేదు’ అని రిపోర్టులో రాయించి స్టాంపు వేయించాను. పాత ప్యానెల్‌ నంబరు, కొత్త ప్యానెల్‌ నంబరు కూడా. రేపు మళ్లీ గీత వస్తే మొదట్నుంచి మొదలుపెట్టాల్సిన పనిలేకుండా.

చెప్పినట్టే శుక్రవారం ఇచ్చారు. ఈసారి బల్ల మీదే తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ, మూడు రంగుల బొమ్మలూ పెట్టి, మూత నాలుగు రకాలుగా వంచి చూసుకున్నాకే తీసుకుంది మేనకోడలు. కుంకుమ కూడా శుభ్రంగా తుడిచి ఇచ్చారు. ఆదివారం నేనే హాస్టల్లో దింపి వచ్చాను.

శుక్రవారం సాయంత్రం సర్వీస్‌ సెంటర్‌ మెట్ల మీదినుంచే బావకి ఫోన్‌ చేశాను. మిల్లు చప్పుడులో ఒక్కో మాట రెండేసిసార్లు చెప్పాల్సి వచ్చింది.

‘నీళ్ల వల్ల కాదుగా?’

‘కాదు బావా. ఫ్యాక్టరీలోనే అతుకు సరిగ్గా పడలేదట. లోపల చుక్క తడి కూడా లేదు.’

‘నువ్వు నా తృప్తికి చెప్తున్నావేమో...’

‘కాగితం మీద రాసిచ్చారు. స్టాంపు కూడా ఉంది.’

కాసేపు మిల్లు చప్పుడే వినిపించింది. తర్వాత ‘ఆ కాగితం ఫోటో తీసి పంపు’ అన్నారు.

పంపాను. మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్‌. ‘ఒరేయ్‌, మీ బావకేమైందిరా? ఏదో ఇంగ్లిష్‌ కాగితం జిరాక్స్‌ తీయించి బీరువాలో పెళ్లి ఫోటోల కింద పెట్టారు, ఏంటంటే చెప్పరు!’